చివరిదాకా చూడని సినిమా మీద విమర్శకులు ఓటెయ్యొచ్చా?

కృష్ణాతీరం:
అమెరికాలో సినిమా విమర్శకుడిగా పనిచేసే ఒకాయన తన డిసెంబర్ మొదటి వారం ఎలా గడిచిందో రాసుకుంటే చదివాను. ఏడు రోజుల్లో 19 సినిమాలు, నాలుగు రివ్యూలు, ఏడాది మేటి పది సినిమాల జాబితా, ఆదివారం పొద్దున తమ సంఘం అవార్డులకు ఓటింగ్. పాపం ఎంత కష్టపడుతున్నాడో అనుకుంటూ చదువుతుంటే మధ్యలో ఒక వాక్యం తగిలింది. టైమ్ లేక ఆరేడు సినిమాలు అరగంట చూసి ఆపేశాడట. ఆదివారం ఓటు మాత్రం అన్ని విభాగాల్లోనూ వేశాడు.

ఆస్కార్ ఇచ్చే అకాడమీ 2025 ఏప్రిల్‌లో రూలు మార్చింది. ఏ విభాగంలో ఫైనల్ ఓటు వెయ్యాలన్నా ఆ విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసి ఉండాల్సిందే. 98వ ఆస్కార్ల నుంచే ఈ పద్ధతి. అక్కడ ఓటేసేది నటులు, దర్శకులు, టెక్నీషియన్లు. వేరే పని చేసుకునేవాళ్లకే ఈ రూలు ఉన్నప్పుడు, సినిమా చూడడమే పనిగా పెట్టుకున్న విమర్శకులకు ఎందుకు ఉండకూడదు? నా ప్రశ్న ఇంతే.

నైజాం నవీన్:
ఉండాలి. ఇందులో చర్చ ఏముందన్నా?

మార్నింగ్‌షో72:
చివరిదాకా చూశారా లేదా అన్నది తర్వాత. అసలు ఏం చూశారు, ఎక్కడ చూశారు? 2022 డిసెంబర్ 2న న్యూయార్క్ విమర్శకుల సంఘం రాజమౌళి గారిని ఉత్తమ దర్శకుడిగా ప్రకటించింది. మనమంతా పండగ చేసుకున్నాం. కానీ అప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్న ‘ఆర్‌ఆర్‌ఆర్’ హిందీ డబ్బింగ్. తెలుగుది జీ5లో ఉంది. ల్యాప్‌టాప్‌లో హిందీ వింటూ చూసి తెలుగు సినిమాకు మార్కులేస్తే అది చూసినట్టేనా?

డల్లాస్ బాబాయ్:
హిందీలోనూ తారక్, చరణ్ సొంతంగానే డబ్బింగ్ చెప్పుకున్నారు. పైగా 2022 జూన్ 1న ఇక్కడ మళ్లీ థియేటర్లలో వేసింది తెలుగుదే. నా పక్క సీట్లో ఒక తెల్లాయన, మూడు గంటలు కదల్లేదు.

మార్నింగ్‌షో72:
బాబాయ్ గారూ, నేనంటున్నది గొంతు గురించి కాదు, మాట గురించి. చంద్రబోస్ గారు ‘నాటు’ అని రాశారు. నాటు కోడి, నాటు వైద్యం, నాటు మనిషి, ఆ మాటలో మన ఊరు ఉంది. హిందీలో అది ‘నాచో’ అయింది. ఆడు అని అర్థం, అంతే. ఆ తేడా తెలియనివాళ్లు ఏం తూకం వేస్తారు?

ఎడిసన్ శారద:
ఇలాంటి ఒక చిన్న విమర్శకుల సంఘంలో నేను ఆరేళ్లుగా సభ్యురాలిని. పగలు ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం, రాత్రి రివ్యూలు. కాబట్టి కృష్ణాతీరం గారు అన్నది నా గురించే అనుకుని జవాబు చెప్తున్నాను.

ముందు ఈ వారం ఎందుకిలా అవుతుందో చూడండి. 2022నే తీసుకోండి. డిసెంబర్ 2న న్యూయార్క్ వాళ్లు, 11న లాస్ ఏంజెలెస్ వాళ్లు ప్రకటించారు. 12న గోల్డెన్ గ్లోబ్ నామినేషన్లు, 14న క్రిటిక్స్ ఛాయిస్ నామినేషన్లు, 21న ఆస్కార్ షార్ట్‌లిస్టు. ఇంకా నాలాంటి వాళ్లుండే ఊరూరి సంఘాలు ఎన్నో. స్టూడియోలేమో ఓటేసేవాళ్లకు గుర్తుండాలని తమ మంచి సినిమాలన్నీ నవంబర్, డిసెంబర్‌లకే దాచిపెడతాయి. పది నెలలు మామూలుగా ఉన్న చెరువు ఒక్క వారంలో కట్ట తెగుతుంది.

పోయిన వారం నాది చెప్తాను. సోమవారం ఆఫీసు నుంచి నేరుగా ట్రైన్ ఎక్కి మన్‌హటన్‌లో స్క్రీనింగ్‌కు వెళ్లాను. నలభై సీట్ల గది. ఇంటికొచ్చేసరికి పదకొండున్నర. మంగళవారం పాపకు జ్వరం. దాని మంచం పక్కన కింద కూర్చుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఆన్‌లైన్‌లో సినిమా చూడడానికి నిర్మాతలు పంపే లింకులు రెండు చూశాను. పైరసీ భయంతో లింకులో స్క్రీన్ మీద నా పేరూ మెయిల్ ఐడీ కనిపిస్తూనే ఉంటాయి. హీరోయిన్ ఏడుస్తుంటే ఆమె చెంప మీద నా పేరు. బుధవారం రాత్రి తెరవబోతే ఇంకో లింకు గడువు అయిపోయింది. మళ్లీ అడిగితే శుక్రవారం పంపారు. శనివారం అర్ధరాత్రికి నా జాబితాలో చూడాల్సినవి ఇంకా 14 మిగిలాయి.

ఇంత చేస్తే సంఘం నాకు రూపాయి ఇవ్వదు. నేనే ఏటా చందా కడతాను. అకాడమీ రూలు నామినేట్ అయిన కాసిని సినిమాల గురించి. మాకు నామినేషన్లు ముందు ఉండవు, ఏడాదిలో వచ్చిన సినిమాలన్నీ బరిలో ఉన్నట్టే. అన్నీ చూసినవాళ్లే ఓటెయ్యాలంటే ఓటేసేవాళ్లు ఒక్కరూ మిగలరు.

మార్నింగ్‌షో గారూ, లింకులంటే తక్కువగా మాట్లాడకండి. 2003లో పైరసీ పేరు చెప్పి హాలీవుడ్ పెద్ద స్టూడియోల సంఘం, ఓటేసేవాళ్లు ఇంట్లో చూసుకునే స్క్రీనర్ టేపులు, డీవీడీలు పంపడం ఆపేయించింది. దానికి నిరసనగా లాస్ ఏంజెలెస్ విమర్శకులు ఆ ఏడాది తమ అవార్డులే రద్దు చేస్తున్నామన్నారు. చిన్న నిర్మాతలు కోర్టుకెళ్లి డిసెంబర్‌లో ఆ నిషేధాన్ని ఆపించారు. ఎందుకు వెళ్లారు? థియేటర్‌లోనే చూడాలంటే పెద్ద సినిమాలకు థియేటర్ దొరుకుతుంది, చిన్నవాళ్లకు ఆ డిస్కే దిక్కు గనక.

మార్నింగ్‌షో72:
డిస్కులో ఏ భాష ఉందన్నది నా ప్రశ్న. దానికి జవాబు రాలేదు.

కృష్ణాతీరం:
శారద గారూ, అన్నీ చూడమనలేదు. చూడనిదాన్ని చూసినట్టు లెక్కెయ్యొద్దంటున్నాను. మీరు చెప్పిన 14లో ఏదో ఒకటి మీకు ప్రాణంగా నచ్చేది ఉండొచ్చు కదా. ఓటు కాగితం మీద దాని పేరు ఉండదు. అది ఓడిపోయిందని మాత్రం లోకం అనుకుంటుంది. చూడకపోవడం వేరు, ఓడిపోవడం వేరు. అకాడమీ కూడా, తన స్ట్రీమింగ్ సైట్‌లో కాకుండా బయట చూశామంటే, ఎప్పుడు, ఎక్కడ చూశారో ఫారం నింపిస్తోంది. మీ సంఘంలో అలాంటి కాగితం ఒకటైనా ఉందా?

ఎడిసన్ శారద:
లేదు. ఉన్నా అందులో అబద్ధం రాయడం ఎంతసేపు? ఫారం మనిషిని నిజాయితీపరుణ్ని చెయ్యదండీ.

విజయవాడ రాధ:
మన దగ్గర ఇంకో సంగతి గమనించాలి. 2025 జూన్ 14న హైదరాబాద్‌లో గద్దర్ అవార్డులు ఇచ్చారు. 2024 సినిమాలకు జయసుధ గారి జ్యూరీ, 2014 నుంచి 2023 దాకా పదేళ్లకు మురళీమోహన్ గారి జ్యూరీ. ఎంపిక నచ్చినా నచ్చకపోయినా జ్యూరీ ఎవరో తెలుసు. అడగాలంటే మనిషి ఉన్నాడు. శారద గారి లాంటి సంఘాల్లో ఎవరు దేనికి ఓటేశారో బయటికి తెలియదు కదా?

డల్లాస్ బాబాయ్:
మంచి పాయింట్.

కృష్ణాతీరం:
రాధ గారూ, పేర్లు తెలిసినా ఒరిగేదేమీ లేదు. నేను చూశాను.

ఇది చెప్పకూడదనుకున్నాను, చెప్తాను. నాలుగేళ్ల కిందట మేము ఐదుగురం కలిసి నాగాయలంక దగ్గర ఒక సినిమా తీశాం. నేను ఎడిటర్‌ని, పెట్టుబడిలో నా వాటా కూడా ఉంది. 94 నిమిషాలు. సముద్రం పోటెక్కినప్పుడు ఉప్పునీళ్లు చేలోకి వచ్చే ఊళ్లో ఒక తల్లి కథ. ఆ నీళ్లు కాలువ గట్టు దాటే షాట్ కోసం పదకొండు రోజులు తెల్లవారుజామున మూడింటికి లేచి కాపు కాశాం. ఒక అవార్డుల జ్యూరీకి లింకు పంపాం. ఏ జ్యూరీయో చెప్పను. అందులో విమర్శకులు ఐదుగురు.

వాళ్ల కోసం విడిగా ఇచ్చిన లింకది. అది ఎన్నిసార్లు తెరిచారో, ఎంతసేపు చూశారో మాకు కనిపిస్తుంది. నలభై రోజులు రోజూ చూసుకున్నాను. ముగ్గురు తెరిచారు. ఎక్కువసేపు చూసినాయన 11 నిమిషాలు. మా తల్లి పాత్ర తెర మీదికి వచ్చేది 14వ నిమిషంలో.

నైజాం నవీన్:
అన్నా 😔

ఎడిసన్ శారద:
బాధగానే ఉంది. కానీ ఒక మాట అంటాను, ఏమనుకోకండి. రోజూ నాలుగు సినిమాలు చూసేవాళ్లకు పది నిమిషాల్లో చాలా తెలుస్తుంది. నచ్చక ఆపేసి ఉండొచ్చు కదా. అసలు మనిషి 14వ నిమిషం దాకా రాకపోవడం కూర్పులో లోపం కాదా?

కృష్ణాతీరం:
మీరు మా సినిమా ఒక్క ఫ్రేమ్ చూడలేదు. కూర్పులో లోపం పట్టేశారు! నేను మొదటి పోస్టు నుంచి మొత్తుకుంటున్నది దీని గురించే. అంత తీరిక లేనివాళ్లు ఆ పని మానేయండి. మిమ్మల్ని ఎవరు బతిమాలారు?

ఎడిసన్ శారద:
ఎవరూ బతిమాలలేదు. నేను మానేస్తే నా చోటుకి ఎవరొస్తారో తెలుసా? పగలు వేరే ఉద్యోగం చెయ్యక్కర్లేనివాళ్లు. మా సంఘంలో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. 2022లో ‘ఆర్‌ఆర్‌ఆర్’ను తెలుగులో చూడండి, థియేటర్‌లో చూడండి అని ఒక్కొక్కరికీ మెయిల్ పెట్టింది నేను. మార్నింగ్‌షో గారు అడిగిన భాష గొడవ నేను ఆ గదిలో పడ్డాను. జ్వరంతో ఉన్న పిల్ల మంచం పక్కన కూర్చుని సినిమాలు చూసినదాన్ని పట్టుకుని మానేయమంటారా?

మార్నింగ్‌షో72:
ఈ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది మేడమ్. థాంక్యూ.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. కుటుంబాల దాకా వెళ్లొద్దు. విషయం మీద ఉంటే చర్చ తెరిచే ఉంచుతాను.

కృష్ణాతీరం:
పాప సంగతి నేను ఎత్తలేదు, అయినా మానేయమన్నందుకు సారీ.

అసలు సంగతి పూర్తిగా చెప్పలేదు. వాళ్లు 11 నిమిషాలు చూసినందుకు కాదు నా కోపం. నచ్చకపోతే ఆపే హక్కు ఎవరికైనా ఉంది. ఫలితాలొచ్చాక మాకు ఒక ఉత్తరం వచ్చింది. ‘వచ్చిన చిత్రాలన్నింటినీ జ్యూరీ సభ్యులు పూర్తిగా వీక్షించి నిర్ణయం తీసుకున్నారు’ అని. మా అమ్మ ఆ కాగితం చదివించుకుని, పోనీలే నాన్నా, పెద్దవాళ్లు మొత్తం చూశారట కదా, అంది. నా దగ్గర లెక్క ఉంది. అయినా ఆమెకు చెప్పలేకపోయాను. చూడలేదు అన్న ఒక్క ముక్క రాసి పంపితే ఇంకోచోట ప్రయత్నించేవాళ్లం. పూర్తిగా చూసి వద్దన్నారు అనేసరికి మాలో ఇద్దరు సినిమాలే మానేశారు.

ఎడిసన్ శారద:
రాత్రంతా మీ పోస్టు గురించే ఆలోచించాను.

టైమ్ చాలడం లేదని మొదటి నుంచీ నేను వాదిస్తున్నాను. మీరు అడుగుతున్నది టైమ్ కాదని ఇప్పుడు అర్థమైంది. చూడలేదని ఒప్పుకోమంటున్నారు. ఒప్పుకోవడానికి మాకు ఎందుకు నోరు రాదో నిజం చెప్తాను. ఓటింగ్ రోజు ఎవరైనా ఒక సినిమా పేరెత్తితే అందరం తలూపుతాం. చూడలేదని చెయ్యెత్తితే ఈమె పని చెయ్యడం లేదంటారు. రివ్యూకి వంద డాలర్లిచ్చే వెబ్‌సైట్ నన్ను ఉంచుకునేది ఆ సభ్యత్వం ఉందని. పెద్ద పత్రికలో జీతం తీసుకునే ఆయన ‘అది నేను చూడలేదు’ అంటే అందరూ నవ్వేసి వదిలేస్తారు. నేనంటే వచ్చే ఏడాది నా పేరు ఉంటుందో ఉండదో.

కాబట్టి మీరడిగేది న్యాయమే. కానీ ఆ నిజం చెప్పినందుకు నష్టపోయేది కిందనున్నవాళ్లే. ముందు పైవాళ్లను చెప్పమనండి.

కృష్ణాతీరం:
అక్కడే మనకు కుదరడం లేదండీ. మీకంటే కింద మేమున్నాం. పైవాళ్లు చెప్పేదాకా మీరు ఆగితే, మీరు చెప్పేదాకా మేము ఆగాలి. పూర్తిగా చూశామన్న అబద్ధం మీ దగ్గర బయల్దేరినా పైవాళ్ల దగ్గర బయల్దేరినా వచ్చి పడేది మా ఇంట్లోనే.

విజయవాడ రాధ:
ఓటు కాగితం మీదే ‘చూడనివి’ అని ఒక గడి పెడితే? పేరు రాయక్కర్లేదు. ఫలానా సినిమాను ఇంతమంది చూశారు అని లెక్క మాత్రం బయటపెట్టొచ్చు.

ఎడిసన్ శారద:
రాధ గారూ, పేరు లేకుండా అయితే అడగగలను. ఆదివారం ఓటింగ్‌కు ముందు మా కార్యదర్శికి మెయిల్ పెడతాను. ఒప్పుకుంటారని మాత్రం మాటివ్వలేను.

కృష్ణాతీరం గారూ, ఆ కూర్పు మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ లింకు పంపుతారా?

కృష్ణాతీరం:
ఇప్పుడే పంపమంటారా?

ఎడిసన్ శారద:
ఇప్పుడొద్దు. ఇప్పుడు పంపితే ఆ 14తో పాటు ఇది 15వది అవుతుంది. డిసెంబర్ 22 తర్వాత పంపండి. పాపకు సెలవులు, నాకు ఆఫీసు ఉండదు. ఆ 94 నిమిషాలు ఒక్కసారే కూర్చుని చూస్తాను. మధ్యలో లేస్తే ఎన్నో నిమిషంలో లేచానో నేనే ఇక్కడ రాస్తాను.

కృష్ణాతీరం:
22 రాత్రి పంపుతాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటి పదమూడు నిమిషాలూ నీళ్ల చప్పుడే ఉంటుంది.