ఏడాదికో అధ్యక్షుడు: ఇన్‌స్టిట్యూట్ పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలి?

తెనాలి ఆడిటర్:
మన చార్టర్డ్ అకౌంటెంట్ల (సీఏల) ఇన్‌స్టిట్యూట్ నడిచే చట్టాన్ని 2022లో సవరించారు. అంతకుముందు దాని పాలకమండలి అయిన కౌన్సిల్‌లో ముఖ్య కార్యనిర్వాహక అధికారం అధ్యక్షుడిదే. సవరణ ఆయనను కౌన్సిల్ అధిపతిని చేసి, పరిపాలనను సీఈఓ హోదాలో కార్యదర్శికి అప్పగించింది. మనం ఓట్లు వేసి గెలిపించినవారు ఉండగా, ఒక ఉద్యోగికి ఇంత అధికారమా? నాకు మింగుడు పడటం లేదు. మీరేమంటారు?

గచ్చిబౌలి సభ్యురాలు:
పగ్గాలు ఎవరి చేతిలోనూ నిలవకపోవడమే అసలు సమస్య అంటాను. అధ్యక్షుడు ఫిబ్రవరిలో వస్తారు, మరుసటి ఫిబ్రవరిలో దిగిపోతారు. సీఏ ఫౌండేషన్, ఇంటర్మీడియట్ పరీక్షలను 2024లో ఏటా మూడు విడతలు చేశారు. ఒక విడత పేపర్లు దిద్దుతుండగానే తర్వాతి విడతకు కేంద్రాలు చూసుకోవాలి. ఏడాది పదవిలో ఉండే మనిషి, ఎంత సమర్థులైనా, దీన్ని ఎంతవరకు మోయగలరు? ఇంగ్లండ్, వేల్స్ చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్‌లోనూ అధ్యక్షులు ఏటా మారతారు. కానీ మైఖేల్ ఇజా 2006 నుంచి 2024 దాకా అక్కడ సీఈఓగా ఉన్నారు.

కర్నూలు ప్రాక్టీస్:
మేడమ్, నా భయమూ అదే! పద్దెనిమిదేళ్లు పాతుకుపోయిన సీఈఓ ముందు ఏడాది అధ్యక్షుడు అతిథే అవుతారు. పైగా మన దగ్గర ఉపాధ్యక్షుడే తర్వాత అధ్యక్షుడు కావడం ఆనవాయితీ. అంటే పని నేర్చుకోవడానికి ముందే ఒక ఏడాది దొరుకుతోంది.

గచ్చిబౌలి సభ్యురాలు:
నేర్చుకునే ఏడాది వేరు, నడిపే ఏడాది వేరు సార్. సీఈఓ పాతుకుపోకూడదన్న మాట మాత్రం నాకూ సమ్మతమే. అందుకు పదవీకాలం ముందే రాసిపెట్టాలి, కౌన్సిల్ ఏటా పనితీరు చూడాలి. అయితే నేను ఎక్కువగా భయపడేది సీఈఓ పేరుకే మిగిలిపోవడం గురించి. కౌన్సిల్‌లో ఎన్నికైనవారు 32 మంది దాకా, ప్రభుత్వం నియమించేవారు 8 మంది దాకా ఉండవచ్చు. వీరిలో ఒక్కొక్కరూ విభాగాధిపతులకు నేరుగా ఫోను చేసి పనులు చెబితే, ఆ సిబ్బంది సీఈఓ మాట ఎందుకు వింటారు? ఒకరు ఆపమన్న పనిని మరొకరు కానిమ్మంటారు. చివరికి అది ఆగిపోయినప్పుడు సంజాయిషీ ఇచ్చేవారే ఉండరు. విధానం కౌన్సిల్ తేల్చాలి, అమలును సీఈఓకు వదిలేయాలి. బదిలీలు, టెండర్లలో సభ్యులెవరూ వేలు పెట్టకూడదు. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖతో వృత్తి తరఫున మాట్లాడేది మాత్రం అధ్యక్షుడే కావాలి. ఆడిట్ బాధ్యత మోసేవారి గొంతు అది, ఉద్యోగికి ఇవ్వలేం.

తెనాలి ఆడిటర్:
ఆ సీఈఓ సీఏ అయి ఉండాలా, వద్దా?

గచ్చిబౌలి సభ్యురాలు:
పరీక్షలు, సాఫ్ట్‌వేర్, సిబ్బంది నిర్వహణకు ఆ అర్హత తప్పనిసరి కాదు. అకౌంటింగ్ ప్రమాణాల మీద తుది మాట మాత్రం కౌన్సిల్‌దే కావాలి.

కర్నూలు ప్రాక్టీస్:
సీఏ కాని సీఈఓకు నేను ఒప్పుకోను. ఆర్టికల్‌షిప్ (సీఏ విద్యార్థి ఆడిటర్ దగ్గర చేసే శిక్షణ) చేయని మనిషికి విద్యార్థి గోడు ఫైలులో కాగితంలాగే కనిపిస్తుంది. పదవీకాలం, ఏటా సమీక్ష అన్న మాటలకు మాత్రం నా మద్దతు ఉంది. ఆ సమీక్ష వార్షిక నివేదికలో అచ్చు వేయాలి. ఈసారి ఓటు అడగడానికి వచ్చే అభ్యర్థులను ఇదే అడుగుతాను.