ఊరికే పోతానంటే ఊరు ఊరుకుంటాదా?

ఈ మాట మా పిన్నిది. నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, ఇందుకూరుపేటకి దగ్గర్లో పల్లె మాది. డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఆదివారం సముద్రం దాకా ఒక్కదాన్నే పొయ్యొస్తానంటే, చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా అనేసింది. మాటల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ఇందులో మూడు ముక్కలూ చూడండి. 'ఊరికే', 'ఊరుకోవడం' ఒకే ఇంటివి. పాత రూపం 'ఊరక'. ఊరకుండు అంటే మాట్లాడకుండా ఉండు, కదలకుండా ఉండు. మధ్యలో ఉన్న 'ఊరు'కి ఈ రెండింటితో చుట్టరికం లేదు, వచ్చి దూరిపోయిందంతే. ఊరు + కే అని విడదీసి చెప్పేవాళ్ళున్నారు. చమత్కారానికి బాగుంటుంది గానీ వ్యుత్పత్తి అనకండి.

ఊరికే ఇచ్చాడంటే డబ్బు తీసుకోకుండా. డబ్బులు ఊరికే రావని టీవీలో నగల ప్రకటన రోజూ చెప్తూనే ఉంటుంది. ఊరికే ఫోన్ చేస్తున్నాడంటే మాటిమాటికీ. తెలంగాణ వాళ్ళ 'ఊకె'లో ఈ అర్థమే ముందుంటుంది. నేను అడగాలనుకున్నది మాత్రం ఇంకో అర్థం గురించి: పని లేకుండా, కారణం చెప్పాల్సిన అవసరం లేకుండా.

మా ఊళ్ళో ఇంటి నుంచి ఆటో ఎక్కే చోటికి నడిస్తే ప్రతి అరుగు మీద నుంచీ "యాడికి పాపా పోతుండావు?" వస్తుంది. గుడికి అంటే సరే. బ్యాంకుకి అంటే సరే. ఊరికే అన్నామా, "ఊరికేనా? ఎవురన్నా వస్తుండారా?" అని ఇంకో ప్రశ్న. అదే కల్వర్టు మీద కూచున్న మగపిల్లల్ని అడిగితే 'ఊరికే' అంటారు, అక్కడితో అయిపోతుంది. వాళ్ళకి చెల్లే మాట మాకు చెల్లదు. అందుకని మేం జాకెట్ గుడ్డ ఒకటి కవర్లో పెట్టుకుని బయల్దేరేవాళ్ళం. టైలర్ ఎప్పుడూ "రేపు రామ్మా" అంటాడు కాబట్టి ఒకే గుడ్డ చాలాసార్లు పనికొచ్చేది.

మీ వైపు 'ఊరికే' జవాబుగా చెల్లుతుందా?

కావలి నుంచి ఒక మాస్టారు:
అమ్మా, పోతన గుర్తొచ్చాడు. దశమ స్కంధంలో గర్గుడు ఇంటికొస్తే నందుడు అనే మాట:
ఊరక రారు మహాత్ములు
వా రధముల యిండ్లకడకు వచ్చుట లెల్లం
గారణము మంగళములకు
నీ రాక శుభంబు మాకు నిజము మహాత్మా!
ఇవాళ మనం మొదటి పాదమే మిగుల్చుకున్నాం. అదీ చందాకో సంతకానికో ఎవరన్నా గుమ్మం ఎక్కితే ఎత్తిపొడవడానికి.

రాసినావిడ:
మంచి పద్యం మాస్టారూ. దాని తర్వాత కథ నాకు ఇంకా ఇష్టం. పిల్లలకి పేర్లు పెట్టమని నందుడు అడిగితే గర్గుడు జంకుతాడు. తను యాదవుల పురోహితుడు, తన చేత పేర్లు పెట్టించారని తెలిస్తే కంసుడికి అనుమానం వస్తుంది. అయితే ఎవరికీ తెలియకుండా కానిద్దామంటాడు నందుడు. ఊరంతా బంధువులే అయిన రేపల్లెలో, పేర్లు పెట్టే వేడుకని చాటుగా చేసుకోవాల్సి వచ్చింది. మనం గొల్లపల్లె అనగానే అరమరికలు లేని చోటనుకుంటాం.

కందుకూరు నుంచి:
మా అమ్మమ్మ అసలు 'యాడికి' అననిచ్చేది కాదు. బయల్దేరేవాళ్ళని ఎక్కడికి అని అడిగితే పని చెడుతుందంట. "దూరమా?" అనాలి. మనం "దగ్గరికేలే" అనొచ్చు. చోటు పేరు చెప్పక్కర్లేదు. శకునం పేరుతోనో ఎట్లాగో, పెద్దవాళ్ళు తప్పించుకునే సందు ఒకటి ఉంచారు.

నెల్లూరు నుంచి ఒక పెద్దాయన:
అది ఆరా కాదమ్మా, పలకరింపు. 'తిన్నావా' అనడం లాంటిది. అర్ధరాత్రి గుండె నొప్పి అంటే కారు తీసేది ఆ అరుగు మీద వాళ్ళే.

రాసినావిడ:
కారు తీసేది వాళ్ళేనయ్యా, కాదనను. మా నాన్న విషయంలో చూశాను కూడా. కానీ 'తిన్నావా' అంటే 'తిన్నా' అంటాం, ఎవరి దారిన వాళ్ళు పోతాం. ఏం కూర, ఎవరితో తిన్నావు అని వెంటబడరు కదా. పలకరింపో ఆరానో తేల్చేది రెండో ప్రశ్న. మా ఊళ్ళో అబ్బాయిలకి మొదటి ప్రశ్నే ఉంటుంది, అమ్మాయిలకి రెండోది కూడా ఉంటుంది. పైగా సాయంత్రానికి మా అమ్మ దగ్గరికొచ్చి "మీ పాప మైపాడు పొయ్యిందంట కదా, సముద్రం బాగుండాదా?" అని అడుగుతారు. ప్రేమగానే. చాడీ అయినా బాగుండేది, పోట్లాడొచ్చు.

గూడూరు, ప్రస్తుతం చెన్నై:
ఇక్కడ దీనికి 'సుమ్మా' అంటారు. ఊరికే, ఖాళీగా, ఉచితంగా, అన్నీ అందులోనే. వచ్చిన కొత్తలో నేర్చుకున్నా. మా అపార్ట్‌మెంట్‌లో నన్ను ఎవరూ ఏమీ అడగరు కాబట్టి వాడే అవకాశం రాలేదు.

నెల్లూరు నుంచి ఒకావిడ:
రొట్టెల పండగ మర్చిపోయారా? బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి, మనసులో ఉన్నది పైకి చెప్పి మరీ అడగాలి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, విదేశం రొట్టె. కోరిక తీరినవాళ్ళు తెచ్చి ఇస్తారు. పక్కనే మా అత్తగారు నిలబడి ఉంటే నేను ఏ రొట్టె అడగాలి చెప్పండి? ఊరికే రొట్టె ఒకటి పెడితే మాత్రం నీళ్ళలో ముందు వరస నాదే.

ఒంగోలు నుంచి:
మా ఇంట్లో 'ఉత్తినే' అంటాం. అది వాడి చూడండి.

రాసినావిడ:
వాడాం. 'ఉత్తినే అన్నాలే' అంటే మా దగ్గర తమాషాకి అన్నా, నిజం కాదు అని కూడా అర్థం. యాడికి అంటే ఉత్తినే అని చెప్తే అనుమానం రెట్టింపవుతుంది. జాకెట్ గుడ్డే నయం.