మిల్ లాక్స్ సరస్సులో వాలై చేప పడటం లేదు, సలహా కావాలి

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న మిల్ లాక్స్ సరస్సులో రెండు వేసవులుగా గాలం వేస్తున్నాను. రాళ్ల దగ్గర స్మాల్‌మౌత్ బాస్ చేపలు పట్టపగలే పడుతున్నాయి గానీ, 1965 నుంచి ఆ రాష్ట్రపు అధికారిక చేపగా ఉన్న వాలై (walleye) ఒక్కటీ చిక్కలేదు. దాని కంటిలో వెలుగును తిప్పికొట్టే పొర వల్ల మసక వెలుతురులో బాగా చూడగలదని తెలిసి, పొద్దుగుంకే వేళ బెండు కట్టి, చిన్న జిగ్‌కు (బరువు గుండు ఉన్న కొక్కేనికి) జలగను గుచ్చి, పది అడుగుల లోతున వదులుతున్నాను. (గోదావరి గట్టున వానపాముతో నేర్చిన విద్య ఇక్కడ అక్కరకు రాలేదు.) నీరు వేడెక్కాక ఇవి రాళ్లను వదిలి సరస్సు నడుమ నీటి అడుగునున్న బురద దిబ్బలకు చేరతాయంటారు. అప్పుడు పడవను నెమ్మదిగా నడుపుతూ ఎరను అడుగున ఈడ్చడం మేలా, లేక దిబ్బ అంచున ఆగి బెండునే నమ్ముకోవాలా? అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.