ఫోన్‌ను కింద పెడితే అది ‘హ్యాంగ్ అప్’ ఎలా అయింది?

కొత్త ఉద్యోగి:
అమెరికా వినియోగదారులతో ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. నేను మాట్లాడుతుండగానే ఒకాయన ఫోన్ పెట్టేశారు. ఆ సంగతిని నివేదికలో మన అలవాటు కొద్దీ ‘హి కట్ ది కాల్’ అని రాస్తే, మా పై అధికారి కొట్టేసి ‘హి హంగ్ అప్ ఆన్ మీ’ అని దిద్దారు. హ్యాంగ్ అంటే వేలాడదీయడం, అప్ అంటే పైకి. కింద పెట్టే వస్తువుకు ఈ మాటలు ఎలా అతికాయి? పైగా ఆ ‘ఆన్’ ఎందుకు? ‘హ్యాంగ్ ఆన్’ అంటే ఆగమని కదా?

పాత లైన్‌మన్:
మీరు బల్ల మీది ఫోన్‌ను మనసులో పెట్టుకుని అడుగుతున్నారు గానీ, ఆ మాట అంతకన్నా పాతది. గ్రాహం బెల్‌కు 1876లో పేటెంటు వచ్చిన తరువాత కొన్ని దశాబ్దాల పాటు వాడుకలో ఉన్న ఫోన్లలో మాట్లాడే భాగం వేరు, వినే భాగం వేరు. మాట్లాడే భాగం గోడకు బిగించిన చెక్కపెట్టెకో, కొవ్వొత్తి స్తంభంలా నిలబడే పరికరానికో అమర్చి ఉండేది. చెవికి ఆనించుకునే రిసీవరు పక్కనున్న కొక్కేనికి వేలాడేది. ఆ కొక్కెమే స్విచ్చి. రిసీవరు తీయగానే అది స్ప్రింగు బలంతో పైకి లేచి సర్క్యూట్‌ను కలుపుతుంది, తిరిగి తగిలించగానే రిసీవరు బరువుకు దిగి తెంపుతుంది. చొక్కాను చిలక్కొయ్యకు తగిలించడాన్ని కూడా ఇంగ్లీషువారు ‘హ్యాంగ్ అప్’ అనే అంటారు కాబట్టి, రిసీవరుకూ అదే మాట వాడారు. రెండు భాగాలూ ఒకే పిడిలో చేరి ఫోన్ గూట్లో పడుకోవడం మొదలైనా మాట మారలేదు. మా ఎక్స్ఛేంజీ భాషలో ఫోన్ పెట్టేసి ఉంటే ‘ఆన్ హుక్’, ఎత్తి ఉంటే ‘ఆఫ్ హుక్’ అంటాం; అవి కూడా ఆ కొక్కెం గుర్తులే.

బ్రిటన్‌లో ‘రింగ్ ఆఫ్’ అని ఇంకొక మాట ఉంది. చేత్తో పిడి తిప్పే ఫోన్లలో సంభాషణ ముగిశాక మరొకసారి తిప్పితే, ఆపరేటరుకు సంకేతం అంది లైను విడదీసేవారు. ఇప్పుడు అది పాతబడింది.

ఇంగ్లీషు మాస్టారు:
వాడుక సంగతి నేను చెబుతాను. ఇద్దరూ మాటలు ముగించుకుని ఫోన్ పెట్టేస్తే ‘హంగ్ అప్’ చాలు. మీరు మాట్లాడుతుండగానే అవతలి మనిషి పెట్టేస్తే, ఆ అమర్యాద ఎవరికి తగిలిందో చెప్పడానికి ‘ఆన్ మీ’ చేరుస్తారు; మనం ‘నా మొహం మీదే పెట్టేశాడు’ అంటామే, ఇంచుమించు అలాంటిది. ‘హంగ్ అప్ మీ’ అనకూడదు, అంటే మిమ్మల్నే కొక్కేనికి తగిలించినట్టు అవుతుంది. మీరు ప్రస్తావించిన ‘హ్యాంగ్ ఆన్’ వేరే క్రియ: గట్టిగా పట్టుకుని ఉండమనే అర్థం నుంచి, కాసేపు ఆగమనే అర్థం వచ్చింది.

మీ అధికారి దిద్దుబాటులో ఇంకొక మేలు కూడా ఉంది. ‘కాల్ కట్ అయింది’ అన్న మన మాటలో మనిషి పెట్టేశాడా, సిగ్నల్ పోయిందా అన్నది తేలదు. సిగ్నల్ పోతే ‘ది కాల్ డ్రాప్డ్’ అనో ‘వి గాట్ కట్ ఆఫ్’ అనో రాయండి. వినియోగదారుకు కోపం వచ్చిందో లేదో నివేదిక చదివేవారికి అప్పుడే తెలుస్తుంది.

కొత్త ఉద్యోగి:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే భూతకాలంలో ‘హ్యాంగ్డ్ అప్’ అనవచ్చా?

ఇంగ్లీషు మాస్టారు:
అనకూడదు. పాత ఇంగ్లీషులో రెండు వేర్వేరు క్రియలు ఉండి, తరువాత ఒకటిగా కలిసిపోవడం వల్ల ‘హంగ్’, ‘హ్యాంగ్డ్’ రెండూ మిగిలాయి. వాటిలో ‘హ్యాంగ్డ్’ ఉరిశిక్షకే పరిమితమైంది. బట్టలకైనా ఫోన్‌కైనా ‘హంగ్’ అనే రాయాలి.

పాత లైన్‌మన్:
చిన్న ముచ్చట చెబుతాను. తెలుగువాళ్లం కాసేపు ఆగమనడానికి ‘లైన్లో ఉండండి’ అంటాం, సెలవు తీసుకోవడానికి ‘సరే, ఉంటానండి’ అని ఫోన్ పెట్టేస్తాం. ఒకే ‘ఉండు’తో ఆపడమూ వెళ్లడమూ రెండూ జరిపించేవాళ్లం, ‘హ్యాంగ్’ను తప్పుపట్టలేం కదా.