బీఎంఎక్స్ రేసింగ్: మొదటి ఏడాదిలో మీరు నేర్చుకున్నదేమిటి?

కొత్తచక్రం: మూడు నెలలుగా బీఎంఎక్స్, అంటే దిబ్బలు, మలుపులున్న ట్రాక్‌పై చిన్న సైకిళ్ల పందేనికి సాధన చేస్తున్నాను. బలంగా తొక్కితేనే వేగం వస్తుందనుకొని, వరుస దిబ్బల మీద కూడా పెడల్ ఆపకుండా తొక్కేవాడిని. వెనుక చక్రం గాలిలోకి లేచినప్పుడల్లా కాళ్లు ఉత్తినే తిరిగేవి. నాతో బయలుదేరినవారు మాత్రం తొక్కకుండానే నన్ను దాటిపోయేవారు. లోపం ఎక్కడుందంటారు?

ఎనిమిదోలేను: వాళ్లు తొక్కకుండా వేగం తెచ్చుకునే పద్ధతిని పంపింగ్ అంటారు. దిబ్బ ఎక్కేటప్పుడు మోచేతులు, మోకాళ్లు మడిచి సైకిల్‌ను ఒంటి దగ్గరకు రానివ్వాలి. శిఖరం దాటగానే చేతులతో, పాదాలతో కిందికి నొక్కాలి. బయలుదేరే ర్యాంపు నుంచి వచ్చిన ఊపుతోనే, తొక్కకుండా ఎంత దూరం పోగలరో రోజూ చూసుకోండి.

నన్ను ఎక్కువగా ఏడిపించింది మాత్రం గేటు, అంటే బయలుదేరే చోట సైకిళ్లను ఆపి ఉంచి, సంకేతం రాగానే కిందికి పడిపోయే అడ్డు. ఎనిమిది మంది పందెం మొత్తం 30, 40 సెకన్లలో ముగిసిపోతుంది కనుక, మొదటి మలుపులోకి వెనుకబడి వెళ్తే ముందున్న ఏడుగురిని దాటడానికి చోటు దొరకడం కష్టం. రికార్డు చేసిన గొంతు హెచ్చరించాక, 0.1 నుంచి 2.7 సెకన్ల మధ్య ఎంతసేపటికైనా మొదటి బీప్ రావచ్చు. ఆ సంగతి తెలియని నేను గొంతు ఆగగానే దూకాను. గేటు ఇంకా నిలబడే ఉంది. ముందు చక్రం దానికి గుద్దుకుని, హ్యాండిల్ మీదుగా పడ్డాను. అప్పటి నుంచి మాటలను పట్టించుకోకుండా మొదటి బీప్ కోసమే చెవి పెడుతున్నాను.

మట్టిదారి: పై మాటలతో ఏకీభవిస్తాను. నా తప్పు వేరు: మొదటి నెలలోనే క్లిప్ పెడళ్లు బిగించాను. బూటు పెడల్‌కు అతుక్కుని ఉండటంతో, ఎగరడం రాకపోయినా సైకిల్ నాతోపాటు లేచేది, అది నా నైపుణ్యమేనని మురిసిపోయాను. బూటును పట్టి ఉంచని ఫ్లాట్ పెడళ్లకు మారిన రోజున అసలు సంగతి బయటపడింది. కనీసం ఒక ఏడాది వాటితోనే సాధన చేయడం మంచిదని నా అభిప్రాయం. ఇక ముఖాన్ని పూర్తిగా కప్పే హెల్మెట్, చేతి తొడుగుల విషయంలో బేరం వద్దు.

ఎనిమిదోలేను: క్లిప్‌ల సంగతిలో ఏడాది అన్న లెక్క నాకు నచ్చలేదు. ఫ్లాట్ పెడళ్లతో రెండు చక్రాలనూ ఒకేసారి పైకి లేపడం వచ్చినప్పుడు మారవచ్చు. అది కొందరికి ఆరు నెలలు, కొందరికి రెండేళ్లు.

కొత్తచక్రం: వారం రోజులు గొలుసు తీసేసి సాధన చేశాను. మొదటి రోజు మూడో దిబ్బ ఎక్కలేక వెనక్కి జారాను. నిన్న మొదటి మలుపు దాటాను. గేటు దగ్గర మాత్రం ఇంకా ఆలస్యంగానే కదులుతున్నాను.