కాల్షియం నైట్రేట్, 12-61-0 (మోనో అమ్మోనియం ఫాస్ఫేటు), ఎస్‌ఓపీ (పొటాషియం సల్ఫేటు) ఒకే డ్రమ్ములో కలిపితే తెల్లగా మారింది. డ్రిప్పుకు వదలొచ్చా?

మిర్చితోట:
ఎకరం మిర్చి, మల్చింగ్, ఇన్‌లైన్ డ్రిప్పు. 200 లీటర్ల డ్రమ్ములో 5 కిలోల కాల్షియం నైట్రేట్ కరిగించాం, నీళ్లు తేటగానే ఉన్నాయి. 3 కిలోల 12-61-0 వేయగానే పాలు విరిగినట్టు అయిపోయింది. 5 కిలోల ఎస్‌ఓపీని (0-0-50) విడిగా 20 లీటర్ల బకెట్‌లో కలిపితే సగానికి పైగా అడుగునే ఉండిపోయింది. దాన్నీ డ్రమ్ములోనే పోశాం. ఇంకా వెంచురీకి (ఎరువు నీళ్లను డ్రిప్పు పైపులోకి లాగే పరికరం) పెట్టలేదు. బాగా కలియబెట్టి వదిలితే సరిపోతుందా? ఎరువు నకిలీదా?

నేల-నీరు:
వదలకండి. ఎరువు నకిలీ అనుకోవడానికి ఇందులో ఏమీ లేదు. ఇక్కడ రెండు వేర్వేరు సంగతులున్నాయి.

బకెట్‌లో మిగిలింది కరగని ఎరువు. 20 డిగ్రీల దగ్గర 100 లీటర్ల నీళ్లు సుమారు 11 కిలోల ఎస్‌ఓపీనే పట్టుకుంటాయి. మీ 20 లీటర్లకు రెండు కిలోల పైచిలుకు కరిగింది, మిగతాది ఎంత తిప్పినా కరగదు. 5 కిలోలకు కనీసం 45 లీటర్లు కావాలి. నా లెక్కలో 80 పెట్టుకుంటే నిశ్చింత.

డ్రమ్ములో తెల్లగా కనిపించేది అలా మిగిలిపోయిన ఎరువు కాదు, కొత్తగా పుట్టిన పదార్థం. కాల్షియం నైట్రేట్, 12-61-0 రెండూ విడివిడిగా బాగా కరిగేవే. కలిసినప్పుడు కాల్షియం వెళ్లి ఫాస్ఫేటును పట్టుకుంది, కాల్షియం ఫాస్ఫేటు తయారైంది. అది నీళ్లలో దాదాపు కరగదు. పైగా ఎస్‌ఓపీలో సల్ఫేటు ఉంది, అది కాల్షియంతో కలిస్తే జిప్సం. ఫాస్ఫేటు సంగతి పక్కన పెట్టి చూసినా, మీ 5 కిలోల కాల్షియం నైట్రేట్‌కు నాలుగు కిలోల దాకా జిప్సం తయారవగలదు. 200 లీటర్ల మామూలు నీళ్లు అరకిలో జిప్సాన్ని మించి కరిగించుకోలేవు. కలియబెట్టడం వల్ల గసి కాసేపు పైకి తేలుతుంది, అంతే.

డ్రిప్ సర్వీస్:
ఫిల్టర్ ఆపుతుందిలే అనుకోవద్దు. మామూలుగా వాడే 120 మెష్ డిస్క్ ఫిల్టర్ 130 మైక్రాన్ల కంటే పెద్దవాటినే ఆపుతుంది. అప్పుడే పుట్టిన గసి చాలావరకు అంతకంటే సన్నం. కొంత ఫిల్టర్‌కు పట్టుకుంటుంది, మిగతాది లేటరల్ (మొక్కల వరుస వెంట ఉండే సన్న పైపు) చివరికి చేరి డ్రిప్పర్ లోపలి సన్న దారిలో పేరుకుంటుంది. చివరి మొక్కలకు నీళ్లు తగ్గేదాకా బయటపడదు.

డ్రమ్ములో ఉన్నదాన్ని పారబోయక్కర్లేదు. నీళ్లు బాగా కలిపి పలచన చేసి, తిప్పుతూ మగ్గుతో మొక్కలకు కొంచెం ఎడంగా పోయించండి. భాస్వరం నేలలో మెల్లగా అందుతుంది.

ఇకపై కాల్షియం నైట్రేట్ ఒక రోజు, 12-61-0, ఎస్‌ఓపీ ఇంకో రోజు. మధ్యలో రెండు మూడు రోజులు ఎడం ఇవ్వండి. ఏ రోజైనా తడి సమయంలో మొదటి పావు వంతు ఉత్త నీళ్లు, మధ్య సగంలో ఎరువు, చివరి పావు వంతు మళ్లీ ఉత్త నీళ్లు. చివరి పావు వంతు చాలామంది ఎగ్గొడతారు. ముందు ఇచ్చిన కాల్షియం పైపులోనే ఉంటే, తర్వాత ఇచ్చే ఫాస్ఫేటు అక్కడే దానితో కలుస్తుంది.

మిర్చితోట:
ఎస్‌ఓపీ బదులు 13-0-45 (పొటాషియం నైట్రేట్) వాడితే ఈ తలనొప్పి ఉండదా? మెగ్నీషియం, జింకు కూడా ఇవ్వాలి.

నేల-నీరు:
13-0-45లో సల్ఫేటు లేదు కాబట్టి కాల్షియం నైట్రేట్‌తో కలపొచ్చు. 20 డిగ్రీల దగ్గర 100 లీటర్లకు 31 కిలోల వరకు కరుగుతుంది. అయితే కరిగేటప్పుడు నీళ్లను బాగా చల్లబరుస్తుంది, నీళ్లు చల్లబడితే కరిగే శక్తి పడిపోతుంది. 10 డిగ్రీలకు 21 కిలోలే. చలికాలం పొద్దున్నే బకెట్ చల్లగా తగిలి అడుగున పలుకులు కనిపిస్తే కంగారు పడొద్దు, నీళ్లు పెంచి కాసేపు ఎండలో ఉంచండి. ఎస్‌ఓపీ, 13-0-45 రెండూ ఒకే చిక్కటి ద్రావణంలో వేయకండి. రెండింట్లోనూ పొటాషే కాబట్టి ఎస్‌ఓపీ మామూలుగా కరిగేంత కూడా కరగదు.

మెగ్నీషియం సల్ఫేటును కాల్షియంతో కలపొద్దు, కారణం అదే జిప్సం. జింక్ సల్ఫేటును 12-61-0తో కలిపితే జింక్ ఫాస్ఫేటుగా దిగిపోతుంది. కలిపే ఇవ్వాలంటే ఈడీటీఏ జింకు (ఫాస్ఫేటుతో కలవకుండా ఈడీటీఏ పట్టి ఉంచే జింకు) తీసుకోండి.

కొత్త మిశ్రమం ఏదైనా ముందు లీటరు సీసాలో, మీ బోరు నీళ్లతోనే చూడండి. 200 లీటర్లకు 5 కిలోలంటే లీటరుకు 25 గ్రాములు. ఒక్కోటి పూర్తిగా కరిగాకే తర్వాతిది వేయాలి. అరగంటకు తేటగా ఉందని నమ్మకండి, జిప్సం కొన్నిసార్లు ఆలస్యంగా దిగుతుంది. రెండు గంటలు కదపకుండా ఉంచి, సీసా ఎత్తి అడుగు చూడండి.

డ్రిప్ సర్వీస్:
ఇప్పటికే డ్రిప్పర్లు మూసుకుపోయినవాళ్లకు: ఒక డ్రిప్పర్ కోసి, లోపలి తెల్లటి పొడి మీద పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేయండి. బుస్సున పొంగితే అది బోరు నీళ్ల సున్నం. పొంగకుండా కరిగితే ఫాస్ఫేటు అయ్యుండొచ్చు. ఈ రెండింటికీ యాసిడ్ ట్రీట్‌మెంట్ పనిచేస్తుంది. కదలకుండా అలాగే ఉంటే జిప్సం కావచ్చు, దానికి యాసిడ్ పోసి డబ్బు తగలేయొద్దు. ఆ లేటరల్ మార్చుకోవడమే దారి.

యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. బ్లీచింగ్ పౌడర్ కలిపిన డ్రమ్మును కడగకుండా వాడితే విషపు క్లోరిన్ వాయువు లేస్తుంది.