చమురు "జలాశయం" అనొచ్చా?

ఒక అనువాదం చూసిపెడుతున్నాను. అందులో "చతుర్మితీయ భూకంప సర్వేతో చమురు జలాశయ పర్యవేక్షణ" అని ఉంది. జలాశయంలో చమురేంటండీ? రిజర్వాయరుకి ఇక్కడ ఏం రాయాలి?

— రిజర్వాయరు అనగానే నాగార్జునసాగర్ గుర్తొచ్చి అలా రాసేస్తారు. కానీ అక్కడ చెరువులాంటి ఖాళీ ఏదీ ఉండదండి, ఉన్నదంతా రాయే. దాని రేణువుల సందుల్లో చమురో గ్యాసో ఉప్పునీరో ఉంటుంది, ఏటి ఇసుకలో చెలమ తీస్తే నీళ్లు ఊరుతాయే, అలా. సైస్మిక్‌కి "భూకంప" అయితే మరీ అన్యాయం. సముద్రంలో ఓడ వెనక నుంచి గాలిని ఒక్కసారిగా నీళ్లలోకి వదిలి, ఆ శబ్దం రాతిపొరలకు తగిలి తిరిగొస్తే రికార్డు చేస్తారు, అంతే. ఇక చతుర్మితీయంలో, అంటే 4డీలో, నాలుగోది కాలం. కొన్నేళ్లయ్యాక అదే చోట, వీలైనంతవరకు అదే దారిలో ఓడ నడిపి మళ్లీ సర్వే చేస్తారు. కొత్తదాంట్లోంచి పాతది తీసేస్తే, రాయి పెద్దగా మారదు కాబట్టి, మిగిలేది ముఖ్యంగా లోపలి ద్రవాల్లో, ఒత్తిడిలో వచ్చిన తేడా.

ఉత్తర సముద్రంలో నార్వేవాళ్ల స్లైప్నర్ గ్యాస్ క్షేత్రం చూడండి. గ్యాసులోంచి వేరుచేసిన కార్బన్ డయాక్సైడును 1996 నుంచి ఉట్సిరా అనే ఇసుకరాతి పొరలోకి, అక్కడే నిల్వ ఉండిపోయేలా, ఎక్కించారు, ఏడాదికి దాదాపు 10 లక్షల టన్నులు. అంతకుముందు 1994లో తీసిన చిత్రంలో ఆ పొర లోపల చెప్పుకోదగ్గదేమీ లేదు. 1999 నాటి చిత్రంలో ఒకదాని మీద ఒకటిగా మెరిసే గీతలు! వాయువు పైకి పాకుతూ సన్నటి బంకమన్ను పొరల కింద ఆగిన చోట్లవి. ఇంకో తమాషా ఏంటంటే, దాని అడుగునున్న రాళ్లు కుంగినట్టు కనిపిస్తాయి. నిజంగా కుంగలేదు. వాయువున్న చోట శబ్దం నెమ్మదిగా పోతుంది, ప్రతిధ్వని ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యమే బొమ్మలో లోతుగా పడుతుంది.

— అయితే "చమురు చెలమ" అనేద్దామా, మాట ముచ్చటగా ఉంది!

— చెలమంటే మనం తీసిన గుంట కదండీ, అది బావికి సరిపోతుంది. ఇక్కడ పేరు కావలసింది ఇసుకకి. నేనైతే "చమురు పొర" అంటాను, స్లైప్నర్ లాంటి చోట "నిల్వ పొర". సైస్మిక్‌ని అలాగే ఉంచండి. "కొన్నేళ్లకోసారి చేసే సైస్మిక్ సర్వే" అని మొదట ఒకసారి విప్పి చెప్పేస్తే ఆ తర్వాత 4డీ అని రాసుకుంటూ పోవచ్చు, చతుర్మితీయం జోలికి వెళ్లే పని లేదు.